ఊరి కబురు చెప్పిన రేడియో

పిట్స్‌బర్గ్ వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది వెంకన్న దర్శనానికే వెళతారు. నగరానికి తూర్పున పెన్ హిల్స్ అనే శివారులో, చెట్లు కమ్ముకున్న గుట్టవాలు మీద తెల్లటి గోపురం హైవే మీద పోయేవాళ్లకు కనిపిస్తుంది. 1976లో పని మొదలై 1977 జూన్‌లో కుంభాభిషేకం జరిగిన ఈ గుడి, అమెరికాలో మన శిల్పరీతిలో కట్టిన తొలినాటి ఆలయాల్లో ఒకటి. తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పాటుతో, అప్పటికి ఆ ప్రాంతంలో స్థిరపడిన ఇంజనీర్లు, డాక్టర్లు, అధ్యాపకులు దీన్ని నిలబెట్టారు. అక్టోబర్‌లో మా మేనకోడలి ఇంటికి వెళ్లినప్పుడు నేనూ ముందు అక్కడికే వెళ్లాను. అయితే ఆ గుట్ట దిగాక చూడాలని మనసులో పెట్టుకున్నవి వేరే ఉన్నాయి. రేడియో చరిత్ర ఎవరు రాసినా మొదటి పేజీల్లోనే పేరు వచ్చే స్థానిక వాణిజ్య కేంద్రం కేడీకేఏ ఈ గుడికి కొద్ది మైళ్లలోనే పుట్టింది.

దర్శనం అయ్యాక కింది హాల్లో పులిహోర తింటుంటే ఒక పెద్దాయన పక్కన కూర్చున్నారు. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారట. రేడియో జాడ వెతుక్కుంటూ తిరగబోతున్నానని చెబితే ఆయన ముఖం వెలిగింది.

"మేం డెబ్బైల్లో వచ్చామండీ. చలికాలం లేవగానే ముందు కేడీకేఏ పెట్టేవాళ్లం. మంచు ఎక్కువ పడిన రోజున ఏయే బళ్లకు సెలవో పేరుపేరునా చదివేవాడు. మా పిల్లల బడి పేరు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పేరు వినబడిందా, ఇక గంతులే. నేను మాత్రం మంచు తవ్వుకుని ఆఫీసుకి పోవాల్సిందే."

"పాటలు కూడా వినేవారా?"

"పాటలు ఎక్కడైనా వస్తాయి కదండీ. మన వీధిలో మంచు తీశారా లేదా అన్నది ఇంకెవరు చెబుతారు?"

ఆ మాట పట్టుకునే మిగతా ప్రయాణమంతా చేశాను. స్థానిక రేడియో అంటే ఏమిటని అడిగితే ఇంతకంటే సూటి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

గుడి నుంచి విల్కిన్స్‌బర్గ్‌కు కారులో ఎంతోసేపు పట్టదు. ఒకప్పుడు కలిగినవాళ్ల శివారు. ఇప్పుడు మూతపడిన దుకాణాలు, ఖాళీ ఇళ్లు కనబడతాయి. మధ్యలో పెద్ద పెద్ద రాతి చర్చిలు, మేపుల్ చెట్లు ఆ పాత కళను ఇంకా వదులుకోలేదు. పెన్ అవెన్యూ, పీబుల్స్ వీధి కలిసేచోట ఫ్రాంక్ కాన్రాడ్ ఇల్లు ఉండేది. ఇంటి వెనక రెండంతస్తుల ఇటుక గ్యారేజీ. కింద కారు, పైన ఆయన వైర్‌లెస్ సామగ్రి. 2001లో ఆ గ్యారేజీని విడదీసి, ఎప్పటికైనా మళ్లీ నిలబెట్టాలన్న ఆశతో ఇటుకలను భద్రపరిచారు. నేను చూసింది ఆ మూల మాత్రమే. పక్కన బస్సులు ఆగి కదులుతున్నాయి. మా మేనకోడలు కారు పక్కకు తీసి, "మావయ్యా, ఇక్కడేం లేదుగా!" అంది. కట్టడం లేకపోయినా కథ ఉంది. అది చెబుతూ కాసేపు అక్కడే నిలబడ్డాం.

కాన్రాడ్ 1874లో పుట్టాడు. ఏడో తరగతితో చదువు ఆపేసి, 1890లో పదహారేళ్ల వయసులో వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీలో చేరాడు. చేతిపని నుంచి మొదలుపెట్టి కంపెనీలో పేరున్న ఆవిష్కర్త అయ్యాడు. ఇళ్లలో కరెంటు వాడకం కొలిచే మీటరుకు మెరుగులు దిద్దినవాళ్లలో ఆయన ఒకడు. జీవితకాలంలో రెండు వందలకు పైగా పేటెంట్లు సంపాదించాడు. వైర్‌లెస్ మీద ఆయన మనసు ఒక పందెంతో మళ్లిందని చెబుతారు. పన్నెండు డాలర్ల గడియారం కచ్చితంగా నడుస్తుందని తోటి ఉద్యోగితో ఐదు డాలర్లు పందెం కట్టాడు. వాషింగ్టన్ దగ్గర ఆర్లింగ్టన్‌లోని నౌకాదళ కేంద్రం వైర్‌లెస్‌లో పంపే సమయ సంకేతాలతో సరిచూసుకోవడానికి సొంతంగా రిసీవరు కట్టుకున్నాడు. 1916కల్లా 8ఎక్స్‌కే అనే ప్రయోగ కేంద్రానికి లైసెన్సు కూడా సంపాదించాడు.

అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక ఔత్సాహికుల వైర్‌లెస్ మీద నిషేధం పడింది. 1919 అక్టోబర్‌లో దాన్ని ఎత్తేయగానే కాన్రాడ్ మళ్లీ మైకు ముందు కూర్చున్నాడు. పరికరం ఎలా పనిచేస్తోందో తెలియాలంటే మాట్లాడుతూనే ఉండాలి, అవతల వినేవాళ్లు ఎలా వినబడిందో చెప్పాలి. మాట్లాడి మాట్లాడి విసిగి, అక్టోబర్ 17న గ్రామఫోను తెచ్చి మైకు దగ్గర పెట్టాడు. అక్కడ కథ మలుపు తిరిగింది. చుట్టుపక్కల వైర్‌లెస్ పెట్టుకున్నవాళ్ల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఫలానా వేళ ఫలానా పాట వేయమని కోరిక. అందరి కోరికా తీర్చలేక వారానికి రెండు సాయంత్రాలు కచేరీకి కేటాయించాడు. కొడుకులిద్దరూ పాటల పేర్లు చెప్పేవాళ్లు. ఇంట్లో ఉన్న రికార్డులు అయిపోయాయి. అప్పుడు విల్కిన్స్‌బర్గ్‌లోని హామిల్టన్ మ్యూజిక్ స్టోర్ ఒక ఏర్పాటుకు ముందుకొచ్చింది. రికార్డులు తానిస్తుంది, అవి తన దుకాణంలో దొరుకుతాయని కాన్రాడ్ చెప్పాలి. గాలిలో వినబడిన రికార్డులు మిగతావాటికంటే ఎక్కువగా అమ్ముడుపోతున్నాయని దుకాణదారు గమనించాడు.

వాణిజ్య రేడియోకు విత్తనం ఇదే. ఇందులో ముందు పుట్టింది శ్రోత. ఇరుగుపొరుగు విన్నారు, అడిగారు, ఉత్తరాలు రాశారు. వ్యాపారం ఆ వినేవాళ్లను వెతుక్కుంటూ తర్వాత వచ్చింది.

వ్యాపారం పెద్ద ఎత్తున రావడానికి ఏడాది కూడా పట్టలేదు. 1920 సెప్టెంబర్ 29న పిట్స్‌బర్గ్ సన్ పత్రికలో జోసెఫ్ హోర్న్ డిపార్ట్‌మెంట్ స్టోర్ ప్రకటన వేసింది. కాన్రాడ్ గారి గాలి కచేరీ తమ దుకాణంలో వినబడిందనీ, అలా వినడానికి పనికొచ్చే సెట్లు పది డాలర్ల నుంచి దొరుకుతాయనీ దాని సారాంశం. ఆ ప్రకటన వెస్టింగ్‌హౌస్ ఉపాధ్యక్షుడు హ్యారీ డేవిస్ కంట పడింది. కంపెనీ యుద్ధకాలంలో సైన్యానికి వైర్‌లెస్ పరికరాలు చేసింది. యుద్ధం ముగిసి ఆర్డర్లు ఆగిపోయాయి. యంత్రాలూ పనివాళ్లూ ఉన్నారు, కొనేవాళ్లు లేరు. అప్పటిదాకా వైర్‌లెస్ అంటే ఒకరు ఇంకొకరికి పంపే కబురు. దారిలో ఎవరైనా వినేయగలగడం దానికున్న లోపమని నిపుణులు తలపట్టుకునేవాళ్లు. ఆ లోపంలోనే అసలు బలం ఉందని డేవిస్‌కు తట్టింది. ఒకడు మాట్లాడితే ఊరంతా వినగలిగే సాధనం అప్పటికి లోకంలో లేదు. ఊరంతా వినాలంటే ఇంటింటికీ ఒక సెట్టు కావాలి. ఆ సెట్టు వెస్టింగ్‌హౌస్ చేసి అమ్ముతుంది. మర్నాడే కాన్రాడ్‌ను, తోటి అధికారులను కూర్చోబెట్టి, నవంబర్ 2 అధ్యక్ష ఎన్నికల నాటికి కేంద్రం సిద్ధం కావాలన్నాడు. చేతిలో ఉన్నది ఐదు వారాలు కూడా లేదు.

విల్కిన్స్‌బర్గ్ నుంచి తూర్పు పిట్స్‌బర్గ్‌కు వెళ్లి జార్జ్ వెస్టింగ్‌హౌస్ వంతెన ఎక్కాం. 1932లో కట్టిన ఈ కాంక్రీటు కమానుల వంతెన టర్టిల్ క్రీక్ లోయ మీదుగా ఎంతో ఎత్తున సాగుతుంది. నడిచేవాళ్లకు పక్కన దారి ఉంది. అంచు దగ్గర నిలబడితే కింద రైలు పట్టాలు, వాటి వెంబడి బారులు తీరిన వెస్టింగ్‌హౌస్ పాత షెడ్లు, ఇంకొంచెం అవతల బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం పొగ. అది ఆండ్రూ కార్నెగీ 1875లో మొదలుపెట్టింది, ఇంకా నడుస్తోంది. వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీ మాత్రం 1980ల చివర మూతపడింది. ఆ ఆవరణ ఇప్పుడు చిన్న చిన్న కంపెనీలు అద్దెకుండే పారిశ్రామికవాడ. వేలమంది షిఫ్టు మారే వేళల్లో కిక్కిరిసిన ఆ లోయలో ఇప్పుడు ఒకటి రెండు లారీలు మెల్లగా తిరుగుతున్నాయి.

ఈ ఆవరణలోనే 'కె' బిల్డింగ్ అనే ఎత్తయిన భవనం పైకప్పు మీద చిన్న గది కట్టి వంద వాట్ల ట్రాన్స్‌మిటరు పెట్టారు. యాంటెన్నా తీగను పైకప్పు మీది స్తంభం నుంచి పవర్‌హౌస్ పొగగొట్టం దాకా లాగారు. అక్టోబర్ 27న ప్రభుత్వం లైసెన్సు ఇచ్చింది. ఓడలకూ తీర కేంద్రాలకూ వరసగా ఇచ్చుకుంటూ పోతున్న అక్షరాల్లో తర్వాతి వంతు కేడీకేఏ కాబట్టి ఆ పేరే దక్కింది.

ఎన్నికల రాత్రి ఎనిమిదింటికి ప్రసారం మొదలైంది. పిట్స్‌బర్గ్ పోస్ట్ పత్రిక ఆఫీసుకు తంతి ద్వారా చేరుతున్న ఓట్ల లెక్కలు అక్కడి నుంచి టెలిఫోన్‌లో పైకప్పు గదికి వచ్చేవి. కంపెనీ ప్రచార విభాగంలో పనిచేసే లియో రోజెన్‌బర్గ్ వాటిని చదివాడు. లెక్కలు రానప్పుడు గ్రామఫోను పెట్టారు. వింటున్నవాళ్లు దయచేసి ఒక కార్డు ముక్క రాయమని మధ్యమధ్యలో అడిగాడు. యంత్రం మొరాయిస్తే అందుకోవడానికి కాన్రాడ్ తన గ్యారేజీలో 8ఎక్స్‌కే దగ్గర కాపు కాశాడు. ఆ అవసరం రాలేదు. అర్ధరాత్రి దాటేదాకా ప్రసారం సాగింది.

విన్నవాళ్లు ఎంతమంది? ఐదు వందల నుంచి వెయ్యి మంది ఉండొచ్చన్నది అప్పటి అంచనా. కంపెనీ పంచిన సెట్లు కొన్ని, ఔత్సాహికులు ఇంట్లో కట్టుకున్నవి కొన్ని. అభ్యర్థులు వారెన్ హార్డింగ్, జేమ్స్ కాక్స్ ఇద్దరూ ఒహైయో రాష్ట్రం వాళ్లే, ఇద్దరూ పత్రికాధిపతులే. హార్డింగ్‌కు 404 ఎలక్టోరల్ ఓట్లు, కాక్స్‌కు 127. దేశమంతటా స్త్రీలకు ఓటుహక్కు వచ్చాక జరిగిన మొదటి అధ్యక్ష ఎన్నిక అది. ఇద్దరు పత్రికల యజమానుల పోటీ ఎలా ముగిసిందో పొద్దున్నే వచ్చే పత్రిక కంటే ముందే కొన్ని ఇళ్లలో తెలిసిపోయింది.

'మొదటి కేంద్రం' అన్న బిరుదు మీద వాదులాట ఉంది. డెట్రాయిట్‌లో ఒక పత్రిక నడిపిన కేంద్రం ఆ ఆగస్టులోనే మొదలైంది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో చార్లెస్ హెరాల్డ్ 1909 నుంచే ప్రసారాలు చేశాడు. కెనడాలో మాంట్రియల్ కేంద్రానికీ వాటా ఉంది. నా మటుకు బిరుదు ఎవరిదన్నది పెద్ద విషయం కాదు. పిట్స్‌బర్గ్‌లో ఆ రాత్రి కలిసిన మూడు విషయాలే ముఖ్యం. ముందుగా చెప్పిన వేళకు మొదలైన ప్రసారం, దాని వెనక డబ్బు ఎలా తిరిగి వస్తుందన్న లెక్క, అందరికీ అదే క్షణాన కావలసిన వార్త. వాణిజ్య రేడియో తొలి సరుకు వార్తే. పాటలు ఖాళీ నింపడానికి వాడుకున్నారు.

పైకప్పు రేడియోకు ఆ తర్వాతి నెలల్లో స్టూడియో ఎలా ఉండాలో కూడా తెలియదు. వాద్యబృందాన్ని హాల్లో కూర్చోబెడితే గోడలు ప్రతిధ్వనించాయి. ఆరుబయట పైకప్పు మీద కూర్చోబెడితే బాగా వినబడింది. వాన నుంచి కాపాడాలని గుడారం వేశారు. గాలివానకు అది ఎగిరిపోయింది. గుడారాన్నే లోపలికి తెచ్చి వేసి చూస్తే ప్రతిధ్వని తగ్గింది. గోడలకు బరువైన గుడ్డలు వేలాడదీసే స్టూడియో అలా పుట్టింది. గుడారం రోజుల్లో రాత్రి ఎనిమిదిన్నరకు కింది పట్టాల మీద పోయే రైలు కూత కచేరీలో క్రమం తప్పకుండా వినబడేదట. వంతెన మీద నేను నిలబడి ఉండగా లోయలో గూడ్సు ఒకటి కూత వేసుకుంటూ పోయింది. బోగీలు లెక్కపెట్టలేనంత పొడవు.

మరునాడు షేడీసైడ్ వెళ్లాం. చెట్ల నీడలో పాత బంగళాల పేట. అక్కడి కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఎత్తయిన రాతి కట్టడం, లోపల చల్లగా, రంగుటద్దాల వెలుతురుతో ఉంది. 1921 జనవరి 2న ఇక్కడి ఆదివారం సాయంత్రపు ప్రార్థనను కేడీకేఏ ప్రసారం చేసింది. చర్చి ప్రార్థన రేడియోలో రావడం అదే మొదలు. వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు ఒకాయన ఇక్కడి గాయకబృందంలో ఉండటంతో ఆ ఏర్పాటు కుదిరింది. టెలిఫోన్ తీగ మీద శబ్దాన్ని కేంద్రానికి పంపారు. భక్తుల ధ్యాస చెదరకూడదని ఇద్దరు సాంకేతిక సిబ్బందికి గాయకుల దుస్తులు తొడిగి కూర్చోబెట్టారు. వాళ్లలో ఒకరు యూదుడు, ఇంకొకరు కేథలిక్కు. ప్రధాన ఫాదరీ ఈ కొత్త వింతకు సంకోచించి ఉపన్యాసం సహాయకుడికి అప్పగించారు. తర్వాత మంచంపట్టినవాళ్ల నుంచి, చర్చి దాకా రాలేనివాళ్ల నుంచి ఉత్తరాలు రావడంతో ఈ ప్రసారం వారంవారం సాగింది.

బల్లల మధ్య నడుస్తుంటే నాకు మా ఇంట్లో పెద్దవాళ్లు జ్ఞాపకం వచ్చారు. గుడికి వెళ్లే ఓపిక లేని వయసులో వాళ్లకు ఆకాశవాణి సుప్రభాతమే తిరుమల. పిట్స్‌బర్గ్‌లో ఆ ఆదివారం సాయంత్రం జరిగిందీ అలాంటిదే. బయటికి రాలేనివాళ్లను కూడా ఊరు లెక్కలోకి తీసుకుంది.

నగరం నడిబొడ్డున స్టాన్‌విక్స్ వీధి, పెన్ అవెన్యూ కలిసేచోట హోర్న్ స్టోర్ భవనం ఉంది. స్టోర్ ఎప్పుడో పోయింది, లోపల ఇప్పుడు ఆఫీసులు. క్రిస్మస్‌కు భవనం మూల మీద దీపాల చెట్టు పెట్టే ఆనవాయితీ మాత్రం కొనసాగుతోంది. వీధి అవతల గేట్‌వే సెంటర్. 1956 నుంచి 2010 దాకా కేడీకేఏ స్టూడియోలు అందులోనే. పది డాలర్ల సెట్ల ప్రకటన ఇచ్చి కేంద్రం పుట్టుకకు కారణమైన దుకాణమూ, ఆ కేంద్రమూ చాలా ఏళ్లు ఇరుగుపొరుగున బతికాయి.

అక్కడి నుంచి కొంచెం నడిస్తే మూడు నదుల కూడలి. అలగేనీ, మనాంగహేలా కలిసి ఒహైయో నదిగా మారే మొన. 1936 మార్చిలో నీళ్లు ఇక్కడ 46 అడుగులకు చేరి, నగరం నడిబొడ్డు మునిగింది. కరెంటు పోయింది. నగరమంతా అయోమయంలో ఉన్న ఆ గంటల్లో రేడియో చెప్పే మాట కోసం జనం చెవులొగ్గారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఏ వంతెన మూసేశారు, తాగునీళ్లు ఎక్కడ దొరుకుతాయి? అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

మొన దగ్గర పచ్చిక మీద కూర్చుని మా మేనకోడలు నికరమైన ప్రశ్న అడిగింది. "ఇంతకీ వాళ్లకు డబ్బు ఎలా వచ్చేది మావయ్యా?" తొలి సంవత్సరాల్లో కేడీకేఏ ప్రకటనలు అమ్ముకోలేదు. ఖర్చంతా వెస్టింగ్‌హౌస్ పెట్టుకుని, సెట్ల అమ్మకంలో రాబట్టుకుంది. ఎయిరియోలా జూనియర్ అనే చిన్న క్రిస్టల్ సెట్టు 25 డాలర్లకు అమ్మారు. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. ప్రసార సమయాన్ని గంటల లెక్కన అమ్మే పద్ధతిని న్యూయార్క్‌లో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ తన డబ్ల్యూఈఏఎఫ్ కేంద్రంలో తెచ్చింది. 1922 ఆగస్టు 28న ఇళ్ల స్థలాల కంపెనీ ఒకటి తన అపార్ట్‌మెంట్ల గురించి పది నిమిషాలు మాట్లాడించుకుంది. ఆ దారిలోనే అమెరికా రేడియో అంతా నడిచింది. 1927లో ఎన్‌బీసీ నెట్‌వర్కులో చేరాక కేడీకేఏలో కూడా న్యూయార్క్ కార్యక్రమాలు, పెద్ద కంపెనీల ప్రకటనలు వచ్చాయి. వంద వాట్ల కేంద్రం 50,000 వాట్లకు పెరిగి, రాత్రివేళ ఎన్నో రాష్ట్రాల్లో వినబడేది. షార్ట్‌వేవ్ మీద కాన్రాడ్ చేసిన ప్రయోగాల ఫలితంగా 1920లలోనే అట్లాంటిక్ అవతలికీ, కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతానికీ మాట చేరింది. మంచులో ఒంటరిగా కాపలా కాసే పోలీసులకు, బొచ్చు వ్యాపారులకు ఇంటివాళ్లు రాసిన ఉత్తరాలను పిట్స్‌బర్గ్ నుంచి చదివి వినిపించేవారు. ఇంత దూరం పోయిన కేంద్రం కూడా పొద్దున్నే మన పెద్దాయన పిల్లల బడి పేరు చదవడం మానలేదు. ఇప్పుడు యాజమాన్యం చేతులు మారి పెద్ద గొలుసు సంస్థలో భాగమైంది. అయినా 1020 మీద ఇంకా వినబడుతోంది, ఎక్కువగా వార్తలూ మాటలే. కారులో పెట్టించుకుని విన్నాను. ఏ సొరంగం దగ్గర ట్రాఫిక్ ఆగిందో చెబుతున్నారు.

అక్టోబర్ 13న ఓక్‌లాండ్ వెళ్లాం. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం భవనాల మధ్య, తీగలు అల్లుకున్న పాత ఇటుక గోడ ముక్క ఉంది. 1909 నుంచి 1970 దాకా ఇక్కడున్న ఫోర్బ్స్ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానంలో మిగిలింది అంతే. 1921 ఆగస్టు 5న హెరాల్డ్ ఆర్లిన్ అనే పాతికేళ్ల వెస్టింగ్‌హౌస్ ఉద్యోగి ఇక్కడ ప్రేక్షకుల సీట్లో కూర్చుని, టెలిఫోన్‌నే మైకుగా మార్చుకుని, పైరేట్స్, ఫిలడెల్ఫియా జట్ల ఆట చెప్పాడు. పెద్ద లీగు బేస్‌బాల్‌కు రేడియో వ్యాఖ్యానం అదే మొదలు. పైరేట్స్ 8-5తో గెలిచారు. ఎలా చెప్పాలో చూపించినవాళ్లు ఆయనకు ముందు ఎవరూ లేరు. జనం కేరింతలు మైకును ముంచెత్తిన చోట్ల గొంతు పెంచడం, ఆట నెమ్మదించిన చోట్ల ఖాళీ నింపడం ఆ సీట్లోనే నేర్చుకున్నాడు.

ఏటా ఈ తేదీన మధ్యాహ్నం ఊరివాళ్లు మడత కుర్చీలు తెచ్చుకుని ఈ గోడ దగ్గర చేరతారు. 1960 అక్టోబర్ 13న పైరేట్స్, న్యూయార్క్ యాంకీస్ ఆడిన వరల్డ్ సిరీస్ ఆఖరి ఆట ఎన్‌బీసీ రేడియో వ్యాఖ్యానాన్ని మొదలు నుంచి చివరిదాకా వేసి వింటారు. తెల్లజుట్టు వాళ్లు, వాళ్ల మనవలు, నలుపు పసుపు టోపీలు. ఎక్కువ సేపు ఎవరూ మాట్లాడలేదు. పరుగుల లెక్క వెనకబడినప్పుడు తలలు ఊపారు, ముందుకెళ్లినప్పుడు చప్పట్లు కొట్టారు. "ఫలితం అందరికీ తెలుసు కదా, ఇంత ఉత్కంఠ ఏంటి మావయ్యా?" అని మా మేనకోడలు చెవిలో అడిగింది. నాకూ బేస్‌బాల్ పెద్దగా తెలియదు. కానీ మూడున్నర దాటాక, సమంగా ఉన్న ఆటలో బిల్ మాజెరోస్కీ కొట్టిన బంతి గోడ దాటి 10-9తో పైరేట్స్ గెలిచిన క్షణాన, అక్కడున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి అరిచారు. ముక్కూమొహం తెలియని ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అప్పుడు నాలుగేళ్ల పిల్లాడినని, నాన్న ఒళ్లో కూర్చుని విన్నానని చెప్పాడు.

ఆ రోజు నేను కళ్లారా చూసింది శ్రోతల సమూహాన్ని. అది ఎలా తయారవుతుందో ఈ ఊళ్లో అడుగడుగునా కనబడింది. ఓట్ల లెక్క, ప్రార్థన, ఆట, వరద, బడి సెలవు. ఇవన్నీ ఆ ఊరివాళ్లకు మాత్రమే అంత ముఖ్యమైన సంగతులు. కేడీకేఏ వాటిని చెప్పింది, తన సొంత మనుషులతో చెప్పించింది. ప్రకటనల డబ్బు ఆ నమ్మకాన్ని ఆనుకుని వచ్చింది.

తిరుగు ప్రయాణంలో మన సంగతే మనసులో తిరిగింది. స్థానిక వార్త మీద తెలుగువాళ్లకున్న ఆకలి తక్కువది కాదు. 1980ల చివర ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక పత్రిక తీయగానే ముందు జిల్లా పేజీ తిప్పడం మన ఇళ్లలో అలవాటైంది. 1948 డిసెంబర్‌లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి ప్రాంతీయ వార్తలు వినని ఊరు కోస్తాలో ఉండేది కాదు. 1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత ప్రైవేటు ఎఫ్‌ఎమ్ వచ్చింది. హైదరాబాద్, విశాఖ, విజయవాడలలో కేంద్రాలు నిలదొక్కుకున్నాయి. వాటి గొంతుల్లో చురుకు ఉంది, యాస ఉంది, హాస్యం ఉంది. ఊరి వార్త మాత్రం లేదు. ప్రైవేటు కేంద్రం సొంతంగా వార్తలు సేకరించి చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా తిరిగి వేసుకోవచ్చని మాత్రమే 2011 విధానం అనుమతించింది. సంగారెడ్డి జిల్లా మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో వంటి సమాజ కేంద్రాలకూ వార్తల విషయంలో అదే కట్టడి. గంటకు పది నిమిషాల వార్తలకు ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌ను అనుమతించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫారసు చేసింది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగు లేదు. మేడల మీద జనం రోజుల తరబడి చిక్కుకున్నారు. రెండు సెల్లులతో నడిచే రేడియో అలాంటప్పుడే అక్కరకొస్తుంది. వరదలప్పుడు యంత్రాంగం ఇచ్చిన ప్రకటన చదవడానికి ప్రైవేటు కేంద్రానికి అనుమతి ఉంది. ఫలానా వీధికి పడవ ఇంకా రాలేదని తన విలేఖరిని పంపి చెప్పించడానికి లేదు. ప్రజలకు ఆ గంటలో కావలసింది ఆ రెండో మాటే.

తప్పుడు వార్తలు వ్యాపిస్తాయన్న భయం ఉంది. ఆ భయం పత్రికలకూ టీవీకీ వర్తించినంతే రేడియోకూ వర్తిస్తుంది. వాటికి ఉన్న చట్టాలే దీనికీ చాలు. ఐదొందల మంది వింటారో లేదో తెలియని రాత్రి కేడీకేఏ చదివిన మొదటి సంగతి ఓట్ల లెక్క. వందేళ్లు దాటినా విజయవాడ కార్పొరేషన్ ఎన్నికల ఫలితాన్ని విజయవాడలోని ప్రైవేటు రేడియో తన సొంత గొంతుతో చెప్పలేకపోవడం మన శ్రోతలకు జరుగుతున్న అన్యాయం. ఆ ఫలితాన్ని ఒక వార్డు తర్వాత ఒక వార్డుగా మన రేడియో చదివే రాత్రి రావాలి. స్థానిక రేడియో మనకు అప్పుడు పుట్టినట్టు లెక్క.